తిరగబెట్టే జబ్బు, తిరిగిరాని రోగి

న్యూఢిల్లీ: మానసిక ఆరోగ్యాన్ని గురించి పార్లమెంటులో ఏ సభ్యుడు ప్రశ్న వేసినా, ఇటీవలి సంవత్సరాలలో ఆరోగ్య మంత్రిత్వశాఖ నుంచి వస్తున్న సమాధానం దాదాపు ఒకే మూసలో ఉంటున్నది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 767 జిల్లాలకు మంజూరైనదని ఒక వాక్యం. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన ‘టెలి మానస్’ టెలిఫోను సేవ దేశమంతటా అందుబాటులో ఉన్నదని రెండవ వాక్యం. లక్షన్నరకు పైగా ఉపకేంద్రాల, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల స్థాయి పెంచి, వాటి సేవల పట్టికలో మానసిక వ్యాధులను కూడా చేర్చామని మూడవ వాక్యం. మూడూ నిజమైన మాటలే. ముప్పయ్యేళ్ల క్రితం ఇందులో మూడవ వంతు కూడా చెప్పుకొనే స్థితి లేదు.

అయితే ఈ సమాధానాలలో కనిపించని లెక్క ఒకటున్నది. కుంగుబాటుతో ఆస్పత్రికి వచ్చి మొదటిసారి ఓ.పి. చీటీ రాయించుకొన్న నూరుగురిలో రెండవసారి వచ్చినవారు ఎందరు? ఆరు నెలలకు కోలుకొన్నవారు ఎందరు? అలా కోలుకొన్నవారిలో మరుసటి సంవత్సరం తిరిగేసరికి జబ్బు తిరగబెట్టినవారు ఎందరు? ఈ ప్రశ్న అడిగే సభ్యుడు అరుదు. అడిగినా, దేశమంతటికీ కలిపి సమాధానం చెప్పగల చిట్టా లేదు. మొదలుపెట్టిన చికిత్సలను లెక్కించడం ప్రభుత్వానికి అలవాటు. ఈ జబ్బు స్వభావమేమో నెలలలో గాక సంవత్సరాలలో బయటపడేది. ఈ రెంటికీ మధ్యనున్న అగాధంలో ఎన్ని సంసారాలు పడిపోతున్నవో ఒకసారి ఆలోచించడం అవసరం.

పడకలేని రోగులు

డిప్రెషన్ అన్న మాట నేడు పల్లెలలో కూడా వినిపిస్తున్నది. పరీక్ష తప్పిన పిల్లవాని దిగులునూ, కూతురిని అత్తవారింటికి పంపిన తల్లి బెంగనూ కూడా ఆ మాటతోనే పిలుస్తున్నారు. వైద్యులు ఆ పేరు పెట్టేది వేరొక స్థితికి. రెండు వారాలకు తగ్గకుండా, దాదాపు ప్రతిదినమూ, మనసు కుంగిపోయి ఉండడం, ఇదివరకు ఇష్టమైన దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి చెడడం, ఒంట్లో సత్తువ లేకపోవడం, తాను పనికిరానివాడనన్న భావం, ఏదో తప్పు చేశానన్న వేదన, కొందరిలో చావు ఆలోచనలు: ఇవి గుంపుగా వచ్చి, మనిషి పనిని, సంసారాన్ని నిలిపివేసినప్పుడే అది జబ్బు. మన దేశంలో ఇట్టి రోగి సాధారణంగా ‘మనసు బాగాలేదు’ అని చెప్పడు. తలలో బరువు, గుండెదడ, ఒళ్లునొప్పులు, నిద్ర పట్టకపోవడం అని చెప్పి, జనరల్ వార్డు డాక్టరు దగ్గర కూర్చుంటాడు.

బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, పద్ధెనిమిదేళ్లు నిండినవారిలో ఇరవై మందికి ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటుకు గురైనవారే. సరిగా చెప్పాలంటే 5.25 శాతం. వారిలో నూటికి ఎనభై అయిదుగురికి తగిన చికిత్స అందలేదని కూడా ఆ సర్వే తేల్చింది. పన్నెండు రాష్ట్రాలలో జరిగిన ఆ సర్వేలో ఆంధ్రప్రదేశ్ గాని, తెలంగాణ గాని లేవన్నది తెలుగు పాఠకులు గమనించదగిన విషయం.

చికిత్సకు వచ్చిన ఆ కొద్దిమందిలోనూ అత్యధికులకు ఆస్పత్రిలో పడక అవసరం ఉండదు. వారు ఉదయం వచ్చి మధ్యాహ్నం ఇంటికి వెళ్లే ఔట్ పేషెంట్లు. పిచ్చాసుపత్రి గోడలు దాటి, మామూలు ఆస్పత్రిలోనే మానసిక రోగులను చూసే పద్ధతి మన దేశంలో 1933లో కలకత్తాలోని ఆర్.జి.కర్ వైద్యకళాశాలలో గిరీంద్రశేఖర బోస్ చొరవతో ఆరంభమైనది. నేడు ఢిల్లీలోని ఎయిమ్స్, రామమనోహర్ లోహియా, సఫ్దర్‌జంగ్ ఆస్పత్రులలో గాని, హైదరాబాదు ఎర్రగడ్డలో గాని, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో గాని కనిపించే బారులన్నీ ఆ పద్ధతి విస్తరణమే. దీనివల్ల రోగికి అవమానం తగ్గింది. అయితే ఒక చిక్కు కూడా వచ్చింది. వార్డులో ఉన్న రోగి కనిపించకపోతే నర్సు వెతుకుతుంది. ఓ.పి. రోగి మరుసటి నెల రాకపోతే వెతికే దిక్కు లేదు.

పదిహేనేళ్ల లెక్క

ఈ జబ్బు వచ్చిపోతూ ఉంటుందని పందొమ్మిదో శతాబ్దం చివరనే జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రెపెలిన్ గ్రహించాడు. అయితే కోలుకొనడమంటే ఏమిటి, తిరగబెట్టడమంటే ఏమిటి అన్నదానిపై వైద్యులలో చాలాకాలం ఏకాభిప్రాయం లేదు. 1991లో అమెరికన్ పరిశోధకురాలు ఎలెన్ ఫ్రాంక్, ఆమె సహచరులు ఈ మాటలకు హద్దులు గీశారు. లక్షణాలు దాదాపుగా పోయిన స్థితి ఉపశమనం. ఆ స్థితి కొన్ని నెలలపాటు నిలిస్తే కోలుకొనడం. నిలవకముందే పాత జబ్బు తల ఎత్తితే తిరగబెట్టడం. పూర్తిగా కోలుకొన్న తరువాత మరొక విడత వస్తే పునరావృతి. మన తల్లులకు ఈ తేడా కొత్తది కాదు. టైఫాయిడ్ జ్వరం దిగిన తరువాత కూడా వారాల తరబడి పథ్యం పెట్టేది, జ్వరం దిగడం వేరు, జబ్బు విడవడం వేరు అని తెలిసే గదా!

కుంగుబాటు నడకను సంవత్సరాల తరబడి వెంటాడి చూసిన అధ్యయనాలలో ప్రసిద్ధమైనది 1970ల చివర అమెరికాలో ప్రారంభమైనది. బోస్టన్, షికాగో, అయోవా సిటీ, న్యూయార్క్, సెయింట్ లూయీ నగరాల విశ్వవిద్యాలయ వైద్యకేంద్రాలు ఇందులో పాల్గొన్నాయి. 431 మంది రోగుల అయిదేళ్ల చరిత్ర 1992లో ప్రచురితమైనది. వారిలో సగం మంది ఆరు నెలలలోపునే కోలుకొన్నారు. ఇది ధైర్యం చెప్పే మాట. అయిదేళ్లు గడిచినా నూటికి పన్నెండుగురు కోలుకోనేలేదు. ఇది కలతపెట్టే మాట. కోలుకొన్నవారిని పదిహేనేళ్లపాటు గమనించగా, నూటికి ఎనభై అయిదుగురికి జబ్బు మళ్లీ వచ్చిందని 1999లో తేలింది. కనీసం అయిదేళ్లు ఏ చీకూచింతా లేకుండా గడిపినవారిలో సైతం నూటికి యాభై ఎనిమిది మందికి తరువాత మరొక విడత తప్పలేదు.

ఈ అంకెలు చదివి ఎవరూ అధైర్యపడనవసరం లేదు. పెద్ద ఆస్పత్రుల దాకా వచ్చేవారిలో జబ్బు ముదిరినవారే ఎక్కువ. ఆస్పత్రుల గడప దాటి, ఊరిలోని జనాన్నే ఏళ్ల తరబడి పరిశీలించినప్పుడు చిత్రం కొంత మారుతున్నది. అమెరికాలోని బాల్టిమోర్ నగరవాసులపై జరిగి 2008లో వెలువడిన అధ్యయనంలో, మొదటిసారి జబ్బుపడినవారిలో సుమారు సగం మందికి అది మళ్లీ రాలేదు. మూడవ వంతుకు కొంచెం పైగా జనానికి మళ్లీ మళ్లీ వచ్చింది. నూటికి పదిహేను మందికి అసలు పూర్తిగా విడవలేదు. కనుక ‘ఒకసారి వస్తే జన్మంతా వదలదు’ అన్న మాటా తప్పే, ‘నాలుగు మాత్రలతో పోతుంది’ అన్న మాటా తప్పే. ఎవరికి ఏ దారి అన్నది మొదటిరోజు చెప్పగల పరీక్ష ఇంకా లేదు. అందుచేతనే ప్రతి రోగినీ కొంతకాలం కనిపెట్టి ఉండవలసిన అవసరం ఏర్పడుతున్నది.

మెట్టు మెట్టుకూ

ఔట్ పేషెంట్లపైనే జరిగిన అతి పెద్ద పరీక్ష ‘స్టార్-డి’ అన్న పేరుతో వైద్యలోకానికి పరిచితం. 2006లో ఫలితాలు వెలువడిన ఆ అమెరికన్ అధ్యయనంలో నాలుగువేల మందికి పైగా చేరారు. మొదటి మందు పనిచేయనివారికి రెండవ మెట్టు చికిత్స, అదీ కుదరకపోతే మూడవది, నాలుగవది. మొదటి మెట్టులో నూటికి ముప్పయ్యేడు మందికి, రెండవ మెట్టులో ముప్పయ్యొక్కరికి జబ్బు దాదాపుగా పోయింది. మూడవ, నాలుగవ మెట్లలో ఆ సంఖ్య నూటికి పదమూడు, పద్నాలుగుకు పడిపోయింది. ఎవరూ మధ్యలో మానివేయలేదనుకొని లెక్క కడితే, నాలుగు మెట్లూ ఎక్కినవారిలో మొత్తం మీద మూడింట రెండు వంతుల మంది బాగుపడతారని నాటి ప్రచురణ ప్రకటించింది.

ఆ చివరి లెక్కపై పెద్ద వివాదం రేగింది. మొదట రాసుకొన్న నియమాల ప్రకారమే అంకెలను తిరిగి లెక్కించిన పరిశోధకులు, బాగుపడినవారు నూటికి ముప్పయ్యయిదు మంది మాత్రమేనని 2023లో ప్రకటించారు. ఈ తగవు ఇంకా తెగలేదు. కాని మన విషయానికి అవసరమైన పాఠం ఆ తగవులో లేదు. మొదటి మెట్టులో కోలుకొన్నవారిని ఏడాదిపాటు గమనించగా నూటికి నలభై మందికి జబ్బు తిరగబెట్టింది. రెండవ మెట్టువారిలో యాభై అయిదుగురికి, మూడవ మెట్టువారిలో అరవై అయిదుగురికి, నాలుగవ మెట్టువారిలో డెబ్బయ్యొక్కరికి తిరగబెట్టింది. ఆలస్యంగా, కష్టంగా కోలుకొన్నవాడు నిలదొక్కుకొనడమూ కష్టమేనని దీని అర్థం.

ఇంకొక సంగతి. పూర్తిగా నయమవడానికీ, ‘ఫరవాలేదు’ అనిపించడానికీ మధ్య చాలా దూరమున్నది. బ్రిటన్‌లోని కేంబ్రిడ్జిలో ఈ.ఎస్. పేకెల్ బృందం 1995లో ప్రచురించిన చిన్న అధ్యయనంలో, కోలుకొన్నట్లు కనిపించినా నిద్రలేమి, నీరసం వంటి శేషం మిగిలినవారిలో నాలుగింట మూడు వంతుల మందికి తిరగబెట్టగా, ఏ శేషమూ లేనివారిలో నాలుగవ వంతుకు మాత్రమే తిరగబెట్టింది. ఋణశేషం, వ్రణశేషం, అగ్నిశేషం ఉంచరాదన్న పెద్దల మాట ఈ జబ్బుకూ వర్తిస్తున్నది.

మాత్ర ఎప్పుడు మానాలి?

ఒక చిన్న ఉద్యోగిని ఊహించుకొందాము. వయసు నలభై. నాలుగు నెలలుగా నిద్ర లేదు, ఆఫీసులో ఫైలు ముందుకు కదలడం లేదు. ఎవరో చెప్పగా పెద్దాసుపత్రికి వెళ్లాడు. మందు మొదలైన మూడవ వారానికి నిద్ర పట్టింది. ఆరవ వారానికి అన్నం సహించింది, పిల్లలతో మాట్లాడాడు. ఇంటిలో అందరూ సంతోషించారు. భార్య, ‘బాగానే ఉన్నారు గదండీ, ఇంకా ఆ మాత్రలెందుకు? ఒంటికి వేడి’ అన్నది. మళ్లీ ఆస్పత్రికి వెళ్లాలంటే ఒకరోజు జీతం, బస్సుచార్జీలు, తెల్లవారుజామున బారులో నిలబడడం. మాత్రలు అయిపోయాయి, ఆయన వెళ్లలేదు. ఇందులో ఎవరి తప్పూ లేదు. బాగుపడినవాడు మందు మానడం లోకసహజం. కాని ఆయన ఏరు దాటి తెప్ప తగలవేశాననుకొన్నాడు. నిజానికి అప్పటికి నడి ఏటిలోనే ఉన్నాడు.

కోలుకొన్న తరువాత మందు కొనసాగించడం వల్ల లాభమెంత? అప్పటివరకు జరిగిన 31 పరీక్షలను, 4,410 మంది రోగుల ఫలితాలను కలిపి ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన జాన్ గెడ్డెస్ బృందం 2003లో ‘లాన్సెట్’ పత్రికలో లెక్క తేల్చింది. మందు కొనసాగించినవారిలో నూటికి 18 మందికి జబ్బు తిరగబెట్టగా, మందు స్థానంలో ఉత్త మాత్ర ఇచ్చినవారిలో 41 మందికి తిరగబెట్టింది. 2021లో బ్రిటన్‌లో వెలువడిన మరొక పరీక్ష ఇంకా ఆసక్తికరమైనది. ఏళ్ల తరబడి మందు వాడుతూ, ‘ఇక మానవచ్చుననిపిస్తున్నది’ అన్న 478 మందిని రెండు జట్లుగా చేశారు. ఏడాది తిరిగేసరికి మందు మాన్పించినవారిలో 56 శాతం మందికి, కొనసాగించినవారిలో 39 శాతం మందికి తిరగబెట్టింది.

ఈ రెండవ లెక్కను రెండు వైపుల నుంచీ చదవాలి. మందు తిరగబెట్టడాన్ని తగ్గిస్తున్నది. అయినా మందు వాడుతున్నవారిలో కూడా నూటికి ముప్పయి తొమ్మిది మందికి తిరగబెట్టింది. మానినవారిలో నూటికి నలభై నలుగురు ఏడాదంతా బాగానే ఉన్నారు. మందు గొడుగువంటిది. వాన తీవ్రతను తగ్గిస్తుంది గాని వానను ఆపదు.

కోలుకొన్నాక ఎన్నాళ్లు వాడాలన్నదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సాధారణ వైద్యులకిచ్చిన మార్గదర్శనం స్పష్టంగానే ఉన్నది. లక్షణాలు లేకుండా లేదా నామమాత్రంగా తొమ్మిది నుంచి పన్నెండు నెలలు గడిచిన తరువాతనే మాన్పించే ఆలోచన చేయాలి. అదీ ఒక్కసారిగా కాదు, కనీసం నాలుగు వారాలు పట్టేట్లుగా మోతాదు తగ్గిస్తూ పోవాలి. ఇంతకు ముందు రెండు మూడు విడతలు వచ్చినవారికి ఇంకా ఎక్కువకాలం అవసరం కావచ్చు. హఠాత్తుగా మానివేస్తే తలతిరుగుడు, చిరాకు, నిద్రలేమి, తలలో కరెంటు షాకు కొట్టినట్లు అనిపించడం వంటి బాధలు కలుగవచ్చు. అవి మందు విడిచినందువల్ల వచ్చినవా, జబ్బు తిరగబెట్టినందువల్ల వచ్చినవా అన్నది తేల్చగలవాడు డాక్టరే. మానడం తప్పు కాదు. చెప్పకుండా మానడమే ప్రమాదం.

పొరుగింటి మనిషి చేసే వైద్యం

మాత్ర ఒక్కటే మార్గం కాదనడానికి ఉపఖండంలోనే మంచి సాక్ష్యాలున్నవి. ఇరుగుపొరుగు దేశాల రాజకీయ వైరం మధ్య మరుగున పడిన ఒక పాకిస్తానీ విజయం ఇందులో మొదటిది. రావల్పిండి జిల్లా పల్లెలలో డాక్టర్ అతీఫ్ రహమాన్ బృందం, కుంగుబాటుతో ఉన్న గర్భిణీస్త్రీల ఇళ్లకు ‘లేడీ హెల్త్ వర్కర్ల’ను పంపి, క్రమపద్ధతిలో మాట్లాడించి, ఆలోచన తీరు మార్చుకొనేలా సాయపడే ఏర్పాటు చేసింది. 2008లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి ఆ సాయం పొందిన తల్లులలో 23 శాతం మందిలోనే కుంగుబాటు మిగలగా, మామూలు సందర్శనలు మాత్రమే పొందినవారిలో 53 శాతం మందిలో మిగిలింది. ఏడాదికి కూడా ఆ తేడా చెరగలేదు. వైద్యం చేసినవారు మానసిక వైద్యులు కారు. అదే ఊరి స్త్రీలు.

రెండవది మన గోవా. వైద్యవిద్య లేని స్థానికులకే తర్ఫీదునిచ్చి, అక్కడి ‘సంగత్’ సంస్థ, డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో 495 మంది రోగులతో పరీక్ష జరిపారు. ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చుండబెట్టి మాట్లాడడమే చికిత్స. మనసు బాగుపడ్డాక పని చేయవచ్చుననుకోకుండా, చిన్న చిన్న పనులతోనే మనసును తిరిగి కదిలించడం దాని సారం. మూడు నెలలకు ఆ చికిత్స పొందినవారిలో 64 శాతం మంది, పొందనివారిలో 39 శాతం మంది బాగుపడ్డారని 2017లో వెల్లడైనది. ఏడాదికి ఆ అంకెలు 63, 48. చికిత్స ముగిసిన తరువాత కూడా ఫలం నిలిచి ఉన్నదన్నదే ఇక్కడ ముఖ్యం. ఇట్టి సంభాషణలో రోగి నేర్చుకొన్న ఉపాయం, సంభాషణ ఆగిపోయిన తరువాత కూడా అతని దగ్గరే ఉంటుంది.

తిరగబెట్టకుండా కాపాడడంలో మాటకు గల శక్తిని బ్రిటన్ కూడా పరీక్షించింది. ధ్యానాన్ని, ఆలోచనల పరిశీలనను కలిపి బృందాలుగా నేర్పే పద్ధతిని, మందు కొనసాగించడంతో పోల్చిన 2015 నాటి పరీక్షలో, రెండేళ్లలో తిరగబెట్టినవారు మొదటి జట్టులో 44 శాతం, రెండవ జట్టులో 47 శాతం. అంటే దాదాపు సమానం.

మూడవ సాక్ష్యం తెలుగు నేల నుంచే. పశ్చిమ గోదావరి జిల్లాలోనూ, ఢిల్లీ పొరుగున హర్యానాలోని ఫరీదాబాద్, పల్వల్ జిల్లాలలోనూ కలిపి 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో ‘జార్జ్ ఇన్‌స్టిట్యూట్’ ఒక పరీక్ష జరిపింది. ఆశా కార్యకర్త చేతికి చిన్న కంప్యూటరు పలకనిచ్చి, కుంగుబాటు లక్షణాలున్నవారిని గుర్తించి, డాక్టరు వద్దకు పంపి, వారిని తిరిగి పలకరించే ఏర్పాటు అది. పన్నెండు నెలల చివర, ఈ పద్ధతి నడిచిన ఊళ్లలో జబ్బు తీవ్రత మిగిలిన ఊళ్లకంటె తక్కువగా ఉన్నట్లు తేలింది. రోగిని తిరిగి పలకరించడానికి విదేశీ నిపుణుడు అక్కరలేదని దీనివల్ల రుజువైనది.

చట్టం ఉన్నది, చిట్టా లేదు

ఇన్ని సాక్ష్యాలుండగా లోపమెక్కడున్నది? చట్టంలో లేదు. 2017లో పార్లమెంటు ఆమోదించిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, మానసిక చికిత్స పొందడం ప్రతి పౌరుని హక్కు. ప్రభుత్వ జాబితాలోని అత్యవసర మందులు సామాజిక ఆరోగ్య కేంద్రం నుంచి పైస్థాయి ఆస్పత్రులన్నింటిలో, అన్ని వేళలా, ఉచితంగా ఇవ్వాలని ఆ చట్టంలోని 18వ సెక్షన్ నిర్దేశించింది. ‘అన్ని వేళలా’ అన్న మాటలోనే ఈ జబ్బుకు సంబంధించిన రహస్యమంతా ఉన్నది. ఒక నెల మందు ఉండి, మరుసటి నెల లేకపోతే, కోలుకొంటున్న రోగికి అది బలవంతంగా మాన్పించడంతో సమానం.

చరిత్ర చూస్తే మన కార్యక్రమాలు కూడా చిన్నవి కావు. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వెలిసింది. కర్ణాటకలోని బళ్లారిలో నిమ్‌హాన్స్ నడిపిన ప్రయోగం ఆధారంగా 1996లో జిల్లా కార్యక్రమం నాలుగు జిల్లాలలో ఆరంభమైనది. అస్సాంలోని నౌగాంగ్, రాజస్థాన్‌లోని సికార్, తమిళనాడులోని తిరుచ్చి. నాలుగవది మన మెదక్. నాటి నాలుగు జిల్లాలు నేడు 767 అయినవి. కాని మనుషులు ఆ నిష్పత్తిలో పెరగలేదు. లక్ష జనాభాకు 0.75 మంది మానసిక వైద్యులే ఉన్నారని పార్లమెంటరీ స్థాయీసంఘం 2023 ఆగస్టులో తన నివేదికలో ఎత్తిచూపింది. లక్షకు ముగ్గురైనా ఉండాలన్నది ఆ సంఘం ముందున్న ప్రమాణం.

బీమా సంగతి మరొక విధం. మానసిక వ్యాధిని శరీర వ్యాధితో సమానంగా చూడాలని 2017 చట్టం బీమా సంస్థలను ఆదేశించింది. అయితే 2018లో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ పథకంలోని అయిదు లక్షల రూపాయల రక్షణ ఆస్పత్రిలో చేరినవారికే. ఓ.పి. ఖర్చు అందులోకి రాదు. కుంగుబాటు రోగులలో అత్యధికులు పడక ఎక్కనివారే గనుక, ఆ పథకం తలుపు వారికి తెరుచుకొనడం లేదు. మానసిక రోగి ఉన్న కుటుంబం చికిత్సకూ, ప్రయాణానికీ నెలకు వెయ్యి నుంచి పదిహేనువందల రూపాయల దాకా సొంతంగా పెట్టుకొంటున్నదని 2015-16 సర్వే గమనించింది. కూలిచేసుకొనే ఇంటికి ఇది భారం. ఆరోగ్యం కుదుటపడినట్లు కనిపించగానే మొదట కోతపడేది ఈ పద్దుకే.

చేతనైన పనే

రోగిని వెంటాడి చూసుకొనడం మన ప్రభుత్వాలకు చేతకాని పని కాదు. క్షయరోగి ప్రతి ఒక్కరి పేరూ, మందూ ‘నిక్షయ్’ అన్న చిట్టాలో 2012 నుంచి నమోదవుతున్నది. రక్తపోటు విషయంలో 2017లో తెలంగాణతో సహా అయిదు రాష్ట్రాలలోని 25 జిల్లాలలో ఆరంభమైన పథకం ఇంకా దగ్గరి ఉదాహరణ. ప్రతి రోగికీ ఒక కార్డు, ఇంటికి దగ్గరి కేంద్రంలోనే నెలకు సరిపడా మందు, గడువుకు రానివారికి పిలుపు, ఎందరికి రక్తపోటు అదుపులో ఉన్నదో మూడు నెలలకొకసారి లెక్క: ఇంతే ఆ పథకం. రక్తపోటు వలెనే కుంగుబాటు కూడా బాగున్నప్పుడు మరచిపోయే జబ్బు. అదే కార్డులో ఇంకొక గడి చేర్చడానికి కొత్త భవనాలు అక్కరలేదు. కుంగుబాటుకు వాడే ముఖ్యమైన మందులు దేశంలోనే తయారవుతున్నవి, అత్యవసర మందుల జాతీయ పట్టికలో ఉన్నవి. తొమ్మిది ప్రశ్నల పట్టికతో జబ్బు తీవ్రతను ఆరోగ్య కార్యకర్త కూడా కొలవవచ్చు. కావలసినది, మొదటి చీటీల సంఖ్యతో పాటు, ఏడాది తరువాత బాగున్నవారి సంఖ్యను కూడా జిల్లా అధికారి నుంచి అడిగే పద్ధతి.

టెలి మానస్ సేవను కూడా ఈ పనికి ఉపయోగించవచ్చు. 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. బాధలో ఉన్నవాడు చేసే ఫోను కోసం ఎదురుచూడడంతో పాటు, కోలుకొన్నవానికి మూడు నెలలకొకసారి ఆ సేవ తానే ఫోను చేస్తే, జబ్బు తిరగబెట్టే ముందే తెలుసుకొనే అవకాశం కలుగుతుంది.

ఇక కుటుంబం. 1950లలో అమృతసర్ మానసిక చికిత్సాలయంలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను వెళ్లగొట్టక, ఆవరణలో డేరాలు వేయించి రోగితో పాటే ఉంచారు. జబ్బును గురించి వారికీ బోధించి పంపడం వల్ల, ఇంటికి చేరిన రోగిని కనిపెట్టి ఉండే మనిషి తయారయ్యేవాడు. పడకలేని నేటి రోగులకు ఆ పాఠం మరింత అవసరం. తిరగబెట్టే జబ్బు చెప్పకుండా రాదు. ఒకరికి తెల్లవారుజామున మూడింటికే మెలకువ రావడం మొదటి గుర్తు. ఇంకొకరికి ఫోను ఎత్తకపోవడం. మరొకరికి స్నానం వాయిదా పడడం, వంటలో ఉప్పు మరవడం. ఒకసారి జబ్బుపడి లేచిన మనిషి గుర్తు ఏమిటో ఇంటివారికే బాగా తెలుస్తుంది. దానిని ఆ మనిషితో కలిసి కూర్చొని, బాగున్న రోజులలోనే ఒక కాగితం మీద రాసుకొని, కనిపించిన వారంలోనే డాక్టరు దగ్గరకు వెళ్లడం మంచిది. ‘మళ్లీ మొదలుపెట్టావా’ అన్న మాట మాత్రం ఆ ఇంటిలో వినబడరాదు. జ్వరం తిరగబెట్టిన పిల్లవానిని ఆ మాట ఎవరూ అనరు.

ప్రభుత్వ చిట్టా ఏర్పడేవరకు ఆ కాగితమే చిట్టా. అది ఏర్పడిన తరువాత కూడా ఆ కాగితం అవసరం తీరదు.